మాతృభాష గడి

మహారాష్ట్రలోని నాందేడ్‌లో, పాత బజారు వెనుక ఉన్న సార్వజనిక వాచనాలయంలో, అంటే ఊరి గ్రంథాలయంలో, సూర్యకాంత్ ఇరవై రెండేళ్లుగా సహాయకుడు. ఇంట్లో ఆయనది తెలుగు, గడప దాటితే మరాఠీ. చెప్పులు వేసుకునేటప్పుడే నాలుక కూడా మారేది. తల్లి నర్సవ్వ బతికి ఉన్నన్నాళ్లూ ఆమెను ఇంట్లో 'అవ్వా' అని, నలుగురిలో 'ఆయీ' అని పిలిచాడు. ఆమె రెంటికీ పలికేది. ఆమె చివరి వారం దవాఖానలో గడిచింది. మంచాల మధ్య జనం తిరుగుతూ ఉండేవారు కనుక, ఆ వారమంతా ఆమె తెలుగులో అడిగినదానికి ఆయన మరాఠీలో జవాబిచ్చాడు. ఆ సంగతి ఆయనకు పన్నెండో రోజు కర్మ ముగిసిన తరువాత తట్టింది. తట్టి, పోకుండా అక్కడే ఉండిపోయింది.

2008 చలికాలంలో వాచనాలయానికి ఒక కంప్యూటర్ వచ్చింది. దాని వెంట ఒక కార్యక్రమం వచ్చింది. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన పసిపిల్లలకు, బడిలో చేరకముందే రెండు భాషల్లో పాఠాలు. ఔరంగాబాద్‌లో కూర్చున్న పంతులమ్మ బుధవారం, శనివారం ఇంటర్నెట్ ద్వారా తెర మీద కనబడి మరాఠీలో చెబుతుంది. వెంటనే అదే పాఠం ముందుగా రికార్డు చేసిన తెలుగు గొంతులో వినబడుతుంది. జూన్‌లో ఒకటో తరగతిలో కూర్చునే నాటికి పిల్లలకు పంతులమ్మ మాట అర్థం కావాలి, ఉద్దేశం అంతే. సూర్యకాంత్ తన ఉద్యోగంలో చూసిన కాగితాలన్నిటిలోకి ఇంత సూటిగా మంచిది మరొకటి లేదు. పన్నెండుకు కరెంటు పోతుంది కనుక పాఠం పదకొండుకు పెట్టారు.

ముందుగా ఆయన మనవరాలు ప్రతీక్ష చేరింది. తరువాత అదే గల్లీలో ఉండే దర్జీ శివరాం కొడుకు ప్రతీక్ చేరాడు. ఆ నోటా ఈ నోటా పాకి జనవరికల్లా పదిహేడు మంది అయ్యారు. అందరివీ తెలుగు ఇళ్లే, కాని పిల్లలను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు వాకిట్లో నిలబడి ఒకరితో ఒకరు మరాఠీలోనే మాట్లాడుకునేవారు.

పద్దెనిమిదో పిల్ల పూనమ్. ఆమె తల్లి ద్రౌపది ధర్మాబాద్ వైపు గోదావరి ఒడ్డు పల్లె మనిషి. అక్కడ వాళ్లకు ముందు తరాల నాడూ సెంటు భూమి లేదు, ఇప్పుడూ లేదు. నాందేడ్ వచ్చి, కడుతున్న ఇళ్ల దగ్గర ఇటుకలు మోస్తోంది. ఒక బుధవారం పొద్దున ఐదేళ్ల పిల్లను చేత్తో పట్టుకొని వచ్చి, సూర్యకాంత్ ముందు నిలబడి, ముక్కలు ముక్కలుగా మరాఠీ కూడదీసుకుంటూ పిల్లను చేర్చుకోమని అడిగింది. క్రియ దొరక్క రెండుసార్లు ఆగిపోయింది. ఆయనకు మొదటి మాటకే అంతా అర్థమైంది. అయినా ఆమె చివరిదాకా తడబడుతుంటే వింటూ నిలబడ్డాడు.

ఆ రోజు పాఠం కోడిపుంజు మీద. మరాఠీ అయింది. తెలుగు గొంతు మొదలైంది. "చిన్నారులారా, కోడిపుంజు ఏ విధంగా కూస్తుందో మీకు తెలుసునా? ఉదయాన్నే అది మనలను నిద్ర లేపుతుంది."

పిల్లలు తెల్లమొహం వేశారు. వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న తల్లి వైపు తిరిగి పూనమ్ గట్టిగా అడిగింది. "అమ్మా, గామె ఎవ్వల మాట మాట్లాడుతుంది?"

"నాకేం ఎరుక బిడ్డా, పెద్దోళ్ల మాట. సప్పుడు చెయ్యక ఇను."

"నాకు సమజైతలేదు."

"నాకైనాదే?"

సూర్యకాంత్ తెర పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ముందుగా ఏమీ అనుకోలేదు. అనుకుని ఉంటే నోరు తెరిచేవాడు కాదు. "పుంజు ఎట్ల కూస్తదిరా? తెల్లారంగ మీ ఇంటెన్క పుంజు కూయదా? ఏదీ, అందరు కూయుండ్రి!"

పద్దెనిమిది పుంజులు ఒక్కసారి కూశాయి. పక్క గదిలో వార్తాపత్రికలు చదివేవాళ్లు తలలెత్తి చూశారు. తెర మీద పంతులమ్మ చెవులు మూసుకొని నవ్వింది. "ఆ, గట్ల!" అన్నాడు సూర్యకాంత్. "గా పుంజును బడిల ఏమంటరు? కోంబడా. అనుండ్రి." "కోంబడా!"

పాఠం అయిపోయాక ద్రౌపది ఆయనకు అడ్డం వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది. "అన్నా, నువ్వు మనోడివేనా? గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా! పొద్దటి సంది గా మరాఠీ తోని నా నోరు ఇరిగిపాయె. నువ్వేమో పోలీసోని లెక్క సూస్తనే ఉంటివి."

ఆయనకు నవ్వు వచ్చింది. చాలా రోజుల తరువాత వచ్చిన నవ్వు.

అప్పుడు ఆమె తన పెద్ద కూతురు శివవ్వ సంగతి చెప్పింది. బడిలో రెండేళ్లు వెనుక బల్ల మీద కూర్చుంది. ఒక్కనాడూ నోరు తెరవలేదు. పంతులు ఆమెకు బుద్ధి మందమని తేల్చి ఇంటికి పంపేశాడు. "ఇంట్ల వసపిట్ట అన్నా అది. ఒక్క నిమిషం ఊకుండదు. గాడ కూసుంటే మాత్రం మూగదే. ఎవ్వలన్న అడిగింది సమజైతే గదా జవాబు చెప్పుటానికి? ఇప్పుడు నాతోని ఇటుకలు మోస్తుంది, పదకొండేండ్లకు. దీన్నన్న గట్ల కానియ్య. నువ్వు గిట్లనే మన మాటల చెప్పు. ఎన్ని దినాలైతే అన్ని దినాలు కూలి ఇడిచిపెట్టి అస్త."

చెప్పినట్టే వచ్చింది. కూలి పోగొట్టుకొని వారానికి రెండు పూటలు గోడకు ఆనుకొని కూర్చునేది. పిల్లలతో పాటు ఆమె పెదవులూ కదిలేవి.

ఆ మూడు నెలలు సూర్యకాంత్ సైకిల్ మీద వస్తూ మాటలు ఏరుకునేవాడు. సీతాకోకచిలుకను తల్లి ఏమనేది? మేఘం కమ్ముకుంటే ఏమనేది? కొన్ని దొరికేవి, కొన్ని దొరికేవి కావు. తాను ఇన్నాళ్లూ ఎవరికి భయపడ్డాడని తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఒక్క పేరు కూడా తోచలేదు. భయపడవలసిన మనుషులు ఎప్పుడో పోయారు. ఒదిగి నడవడం మాత్రం మిగిలింది.

ఫిబ్రవరి చివర ఒకనాడు పూనమ్ ఎవరూ చెప్పకుండా నేరుగా ఆయన దగ్గరకు వచ్చి, తాగడానికి నీళ్లు కావాలని మరాఠీలో అడిగింది. ఇచ్చాడు. తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ, "సమజైందా నీకు?" అంది తెలుగులో, అనుమానంగా.

మార్చిలో పై నుంచి ఒక లేఖ, పద్దెనిమిది కాగితాలు వచ్చాయి. ప్రతి పిల్లకు ఒక కాగితం. పేరు, తండ్రి పేరు, వయసు, తండ్రి పని, చిరునామా. ఆరో గడిలో మాతృభాష. కనీసం పదిహేను మంది పిల్లల మాతృభాష తెలుగు అని ఉంటేనే జూన్ దాకా, ఆపై ఏడూ తెలుగు కొనసాగుతుంది. లేకపోతే రెండో భాషగా ఇంగ్లీషు పెడతారు, మిగతా ఊళ్లు అదే అడుగుతున్నాయి అని లేఖలో ఉంది. సూర్యకాంత్ లేఖను రెండుసార్లు చదివి నిశ్చింతగా మడిచాడు. పద్దెనిమిది మందివీ తెలుగు ఇళ్లే. ముగ్గురు ఎక్కువే.

సాయంత్రం శివరాం దుకాణంలో కాగితం ఇస్తూ చెప్పాడు. "శివరాం, ఆరో గడిల తెలుగు అని రాయాలె."

శివరాం కుట్టు మిషన్ ఆపాడు. "ఏంది బావా, మజాక్ చేస్తున్నవా? మన ఇండ్లల్ల ఎన్నడన్న రాసినమా గట్ల?"

"గిది పిల్లల క్లాసుది. తెలుగు అని రాస్తేనే తెలుగు ఉంటది."

"క్లాసు నాలుగు దినాలది. కాగితం జిందగీది. రేపు ప్రతీక్‌గానికి సర్కారు దాఖలా కావాలని పోతే, మీరు ఆంధ్రోళ్లు, గాడికే పోండ్రి అంటే? అస్తవా నువ్వు తహసీల్‌కు, వాని తరఫున?"

"గట్ల ఎవ్వలన్నరు ఇప్పటిదాంక?"

"ఎవ్వలనలే. మనం రాయలే గదా, గందుకే అనలే."

సూర్యకాంత్ ఈ తర్కంలో సందు వెదికాడు. సందు లేదు. దానిని తోసి చూడాలంటే ఎవరో ఒకరు రాసి చూడాలి.

"నువ్వేం రాసినవ్ ప్రతీక్షకు?" శివరాం సూదిలో దారం ఎక్కిస్తూ మామూలుగా అడిగాడు.

"ఇంక రాయలే."

"రాయి మరి. రాసి సూపెట్టు."

1956లో రాష్ట్రాల మధ్య కొత్త గీతలు పడి నాందేడ్ మరాఠీ వైపు చేరిన కాలంలో ఆ గల్లీ పెద్దలు తాము పనిచేసే బట్టల మిల్లు గేటు దగ్గర కూర్చుని ఒక మాట అనుకున్నారు. జనాభా లెక్కలవాళ్లు వచ్చినా, బడివాళ్లు అడిగినా, అన్ని ఇళ్లవాళ్లూ మరాఠీ అనే చెప్పాలి. సూర్యకాంత్ తండ్రి ఆ కూర్చున్నవాళ్లలో ఒకడు. ఆ రోజు అది తెలివైన మాటే కావచ్చు. కొత్త రాష్ట్రంలో పరాయివాళ్లుగా లెక్కకు రాకూడదనుకున్నారు. ఆ మాట అనుకున్నవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. పిల్లలకు దానిని ఎవరూ విడమరిచి చెప్పలేదు కూడా. కాగితం మీద ఇంటి పేరు ఎటు వైపు రాయాలో తెలిసినట్టే, ఆ గడిలో ఏం రాయాలో తెలిసిపోయేది.

శనివారానికి పదహారు కాగితాలు తిరిగి వచ్చాయి. పదహారింటిలోనూ మరాఠీ. కొందరైతే ఆ మాటను మిగతా మాటల కన్నా శ్రద్ధగా, గుండ్రంగా రాశారు.

ద్రౌపదికి చదువు రాదు. ఆమె కాగితం ఆయనే నింపాడు. ఆరో గడి దగ్గర ఆగి అడిగాడు. "ఇంట్ల ఏం భాష మాట్లాడుతరని అడుగుతున్నరు చెల్లె."

"గదేం అడుగుడన్నా? ఇప్పుడు నేను మాట్లాడుతున్నది ఏంది, మేకల భాషా? తెలుగే రాయి."

"మిగిలినోళ్లందరు మరాఠీ అని రాసిండ్రు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది, వెక్కిరింపు ఎక్కడుందో వెదుకుతున్నట్టు. "మరి గిన్ని దినాలు నువ్వు గాళ్లకు తెలుగుల ఎందుకు చెప్పినవ్?"

ఆయన తెలుగు అని రాశాడు.

ప్రతీక్ష కాగితం ఇంట్లో రాయడానికి కూర్చున్నాడు. భార్య విమలాబాయి రొట్టెలు చేస్తూ ఓరగా చూసింది. "గంటసేపటి సంది గా ఒక్క కాగితం పట్టుకొని కూసుంటివి. పోరి లగ్నపత్రిక రాస్తున్నవా ఏంది?"

ఆయన లెక్క వేసుకుంటున్నాడు. పదహారు మరాఠీలు పోగా తెలుగు ఒకటి. తాను రాస్తే రెండు. రెండు పదిహేను కాదు. కాబట్టి తాను రాసినా తెలుగు పాఠం నిలవదు. నిలవని దాని కోసం పసిపిల్ల కాగితాన్ని చెడగొట్టడం ఏం న్యాయం? తర్కం నున్నగా ఉంది. ఇంత నున్నగా ఉన్న ప్రతి తర్కమూ తన జీవితంలో తనను కూర్చున్న చోటే కూర్చోబెట్టిందని ఆయనకు తెలుసు. తెలిసీ మరాఠీ అని రాశాడు. అదే కలం, ద్రౌపది కాగితం మీద రాసిన కలం. రెండు కాగితాల మీదా అక్షరాల తీరు ఒక్కటే.

మార్చి ఆఖరి బుధవారం పాఠం ముగిశాక ఔరంగాబాద్ నుంచి కార్యక్రమం చూసుకునే మేడం తెర మీదకు వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ద్రౌపది వెనుక గోడ దగ్గర పూనమ్ జడ విప్పి మళ్లీ అల్లుతోంది. పక్క గదిలో పత్రికల చప్పుడు. మేడం మరాఠీలో అడిగింది. "సూర్యకాంత్‌రావ్, మీ కాగితాలు చూశాను. పదిహేడు మందిది మరాఠీ, ఒక్కరిది తెలుగు. మరి ఇన్నాళ్లూ తెలుగు పాఠం ఎవరి కోసం నడిచింది?"

"ఇక్కడివాళ్లు అలాగే రాస్తారు మేడం."

"అలాగే అంటే? లేనిది రాస్తారా?"

పక్క గదిలో పత్రికల చప్పుడు ఆగింది, లేదా ఆగినట్టు ఆయనకు అనిపించింది. "అలా అని కాదు. పాత అలవాటు."

మేడం చెడ్డ మనిషి కాదు. ముందుకు వంగి, గొంతు తగ్గించింది. "చూడండి, నేను పాఠాలన్నీ విన్నాను. ఆ పిల్లలు తెలుగు పిల్లలేనని నాకు తెలుస్తూనే ఉంది. కాగితాల్లో పొరపాటు జరిగిందని పైకి రాస్తాను, తెలుగు ఉంచమంటాను. కాని ఎవరి మాట మీద రాయాలి? ఆ ఇళ్ల మనిషి ఒక్కరు చెప్పాలి. మీరు అంత చక్కగా మాట్లాడతారు కదా, మీది తెలుగు ఇల్లే కదా?"

ఒక్కరు చాలు. పదిహేను అక్కరలేదు. ఆనాడు ఇంట్లో వేసిన లెక్కంతా కూలిపోయింది. ఇక ఆయన అడ్డుపెట్టుకోవడానికి అంకె ఏదీ మిగలలేదు. అవును అనాలి. మరాఠీలో అది రెండక్షరాల మాట. ఆ మాట గొంతులో సిద్ధంగా ఉందని కూడా ఆయనకు తెలిసింది.

"లేదు మేడం," అన్నాడు. "మాది మరాఠీ ఇల్లే. తెలుగు ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నాను."

తడబాటు లేకుండా వచ్చింది. మేడం సరే అని రాసుకుంది. తెర నల్లబడింది.

ఆయన వెనక్కి తిరిగాడు. పూనమ్ జడ సగం అల్లి ద్రౌపది చేతులు ఆగిపోయి ఉన్నాయి. జనవరిలో అయితే ఈ మాటల్లో ఒక్కటీ ఆమెకు పట్టుబడేది కాదు. ఈ మూడు నెలలు ఈ గోడకు ఆనుకొని, ఆయన నోటి నుంచే, అంత మరాఠీ నేర్చుకుంది.

"ద్రౌపదీ," అన్నాడు.

ఆమె జడ చివర రిబ్బన్ కట్టి, పిల్ల చెప్పులు వెదికి తొడిగింది. పిల్ల చేయి పట్టుకొని బయటకు నడిచింది. ఒక్క మాట అని ఉంటే ఆయనకు జవాబు చెప్పే వీలుండేది. జవాబులు ఆయన దగ్గర ఎప్పుడూ ఉన్నాయి.

ఏప్రిల్ నుంచి తెర మీద మరాఠీ, ఇంగ్లీషు. గల్లీలో అందరూ సంతోషించారు. శివరాం దారిలో ఆపి, "సూసినవా బావా, మంచిగనే అయిపాయె. తెలుగుతోని ఏమొస్తుండె, ఇంగ్లీష్ అచ్చింది," అన్నాడు. ప్రతీక్ష ఇంటికి వచ్చి పండ్ల పేర్లు ఇంగ్లీషులో చెబుతుంటే విమలాబాయి దిష్టి తీసింది. పూనమ్ రెండు పాఠాలకు వచ్చింది. రెండోనాడు, తెలియని మాటకూ తెలియని మాటకూ మధ్య కూర్చుని, గోడ మీద పాకుతున్న చీమల వరుసను చూస్తూ గడిపింది. సూర్యకాంత్ చూశాడు. ఒక మాట తెలుగులో చెప్పడానికి ఆయనను ఎవరూ అడ్డుకోలేదు. కాని తనది మరాఠీ ఇల్లని చెప్పుకున్న మనిషి, రెండో భాష ఇంగ్లీషైన పాఠంలో తెలుగు మాట్లాడితే పాఠాలు వినే మేడం ఏమనుకుంటుందోనని ఆలోచించాడు. ఆలోచిస్తుండగా పాఠం అయిపోయింది. మూడోనాడు పూనమ్ రాలేదు.

జూన్ రెండో వారంలో ద్రౌపది వచ్చింది. చేతిలో బడి దరఖాస్తు. రాసి పెట్టేవాళ్లు వేరే ఎవరూ దొరకక వచ్చిందని ఆమె నిలబడిన తీరులోనే ఉంది. పూనమ్ ఆమె కొంగు పట్టుకొని ఉంది.

"రా చెల్లె, కూసో," అన్నాడు సూర్యకాంత్.

ఆమె కూర్చోలేదు. "అర్జ్ భరూన్ ద్యా, సాహెబ్," అంది. దరఖాస్తు నింపి ఇవ్వమని, మరాఠీలో. క్రియ ఎక్కడా తడబడలేదు.

ఆయన కాగితం అందుకున్నాడు. పేరు రాశాడు, వయసు రాశాడు. తండ్రి పని కూలి అని రాశాడు. తెలుగులో అడిగాడు, ఆమె మరాఠీలో చెప్పింది. పిల్ల ఇద్దరి ముఖాల వైపూ మార్చి మార్చి చూసింది. మాతృభాష అన్న చోట ఆయన కలం ఆగింది.

"మరాఠీ లిహా." మరాఠీ అని రాయండి.

"ద్రౌపదీ, గట్ల కాదు. నీ కాగితం మీద నిజం రాయించినవ్ నువ్వు, ఒక్కదానివే..."

"మరాఠీ లిహా, సాహెబ్. ఆమ్హీ ఘరీ మరాఠీచ్ బోల్తో." ఇంట్లో మేం మరాఠీయే మాట్లాడతాం. ఆ వాక్యాన్ని ఆయనను చూస్తూ కాక, ఆయన వెనుక ఉన్న తెరను చూస్తూ అంది.

ఆయన రాశాడు.

ద్రౌపది వంగి, కూతురి ముఖం తన వైపు తిప్పుకొని, గొంతు బాగా తగ్గించి ఆ రోజు మొదటిసారి తెలుగులో మాట్లాడింది. "బడిల మన మాట మాట్లాడకు. ఎవ్వలతోని మాట్లాడకు. ఇన్నవా?"

"మరి ఏం మాట్లాడాలె?" అంది పూనమ్.

ద్రౌపది పిల్ల ముఖం వదిలి నిటారుగా లేచింది. పిల్ల అదే ప్రశ్నతో సూర్యకాంత్ వైపు తిరిగింది. ఆయన సిరా దిండు మూత తీసి, ద్రౌపది బొటనవేలు పట్టుకొని, కాగితం అడుగున గట్టిగా అద్దించాడు.